కొబ్బరినీళ్లు తాగిన కెమెరా

2010వ సంవత్సరం, దసరా వెళ్లిన వారం. చేవెళ్లలో శంకర్‌పల్లి వైపు తిరిగే రోడ్డు మీద నా కెమెరా రిపేరు దుకాణం ఉండేది. అప్పటికే నా ఎడమన ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు, కుడిన ఇంకో రియల్ ఎస్టేట్ ఆఫీసు. సాఫ్ట్‌వేర్ వాళ్లు శనివారం కాగానే కార్లలో దిగి మొయినాబాద్, అజీజ్‌నగర్, జన్వాడ చుట్టుపక్కల పొలాలు చూసి వెళ్లేవారు. వాళ్ల పుణ్యమా అని మేస్త్రీకి, డ్రైవర్‌కి, బ్రోకర్‌కి అందరికీ చేతినిండా పని. నేనొక్కడినే ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను.

మాది కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. నేను హైదరాబాదు వెళ్లి ఒక ఉస్తాద్ దగ్గర కెమెరా పని నేర్చుకుని వచ్చిన రోజున మా పెదనాయన, "తరాజు పట్టేటోడు స్క్రూడ్రైవర్ పట్టిండు, ఇగ బాగుపడ్డట్టే" అన్నాడు. పాతికేళ్లు ఆ మాటకు నా పనితోనే జవాబిచ్చాను. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక నా దగ్గర జవాబు లేకుండా పోయింది. డిజిటల్ కెమెరా పాడైతే ఎవరూ బాగుచేయించుకోరు, కొత్తది కొంటారు.

ఆ రోజుల్లో నాలో కాస్త ఆశ పుట్టించింది డిజిటల్ రేంజ్‌ఫైండర్ అనే కెమెరా. అదేమిటో కొంచెం చెప్పాలి. మామూలు పెద్ద కెమెరాలో లెన్సు వెనకాల ఒక అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేస్తుంది, ఆ క్షణం ఫోటోగ్రాఫర్ కంటికి చీకటి. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దం లేదు. ముందువైపు రెండు చిన్న కిటికీలు ఉంటాయి. వాటిలోంచి వచ్చే రెండు బొమ్మలు కంటి దగ్గర కలుస్తాయి. లెన్సు రింగు తిప్పుతుంటే నడుమ ఒక మెరిసే చదరంలో ఒకే మనిషి ఇద్దరుగా కనబడి, మెల్లగా జరిగి ఒక్కడవుతాడు. ఒక్కడైన చోట ఫోకస్ కుదిరినట్టు. ఇదంతా నడిపేది లోపలున్న ఒక సన్నటి ఇనుప చెయ్యి, దాని కొసన గోరంత రోలర్. దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా సవరించడాన్ని క్యాలిబ్రేషన్ అంటాం. నాకు అన్నం పెట్టిన పని అదే.

డిజిటల్ రేంజ్‌ఫైండర్‌లో పై సగమంతా ఆ పాత యంత్రమే. ఫిల్ము ఉండాల్సిన చోట మాత్రం సెన్సర్ అనే పలక, దాని వెనక మదర్‌బోర్డు. అదే కిటికీలు, అదే రోలర్. మొదటిసారి దాన్ని విప్పినప్పుడు పాత దోస్తు ఎదురుపడ్డంత సంతోషం కలిగింది. ఇక నా చేతులకు పని కరువు లేదనుకున్నాను.

నా చేత ఆ కెమెరా విప్పించినవాడు మొయినాబాద్ మల్లేశం. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. అతని తండ్రి కూడా అదే పని. తండ్రి కాలం నాటి ఫిల్ము రేంజ్‌ఫైండర్‌తోనే మల్లేశం సగం వయసు గడిచింది. పెళ్లిలో పక్కన బాంబు పడినా చెయ్యి కదలనివాడు. డిజిటల్ వచ్చాక అందరిలాగే అద్దం ఉన్న పెద్ద కెమెరా కొన్నాడు. ఒక సీజన్ నడిపాడు. ఒక ఇంటివాళ్లు ఆల్బం తిరిగి తెచ్చి మొహాన కొట్టినంత పని చేశారు. "బటన్ నొక్కినప్పుడల్లా సీకటైతది సేటు. ఏం తీస్తున్ననో నాకే ఎరుక ఉండదు" అనేవాడు. ఆఖరికి దాన్ని అమ్మేసి మళ్లీ తండ్రి కెమెరానే మెడలో వేసుకున్నాడు.

అంతలో అజీజ్‌నగర్‌లో ఫామ్‌హౌస్ కట్టుకున్న శ్రీనాథ్ గారనే సాఫ్ట్‌వేర్ మేనేజర్ గృహప్రవేశానికి మల్లేశాన్ని పిలిచాడు. మల్లేశం మెడలో తండ్రి కెమెరా చూసి ఆయన మనసు పడ్డాడు. ఆయన దగ్గర ఒక డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఉంది. సరదా తీరి బీరువాలో పడేశాడు. "మీ పాతది నాకివ్వండి, షోకేస్‌లో పెట్టుకుంటాను. ఈ డిజిటల్‌ది మీరు వాడుకోండి" అన్నాడు. తండ్రి లెన్సులు దీనికీ పడతాయి. మల్లేశం ఆ సాయంత్రమే నా దుకాణానికి వచ్చి, "నా చేతులకు ఎరుకైన కెమెరానే సేటు, పానం లేసొచ్చినట్టున్నది" అన్నాడు. ఆ రోజు ఇద్దరం చాయ్ మీద చాయ్ తాగాం. రెండు సీజన్లు అతని పేరు మళ్లీ ఊళ్లలో వినబడింది.

దసరా వెళ్లిన వారం అతను రుమాలులో చుట్టి తెచ్చింది ఆ కెమెరానే. బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది మల్లేశన్నా?"

"పండుగ తెల్లారి నుంచి మాట్లాడ్తలేదు సేటు. బ్యాటరీ మార్చిన, కార్డు మార్చిన."

విప్పకముందే సంగతి అర్థమైంది. కిటికీ అంచున కుంకుమ ఉంది. షట్టర్ బటన్ చుట్టూ బంక.

"పూజ చేసినవా?"

"చెయ్యనా మరి? అన్నం పెట్టే పనిముట్టు. బొట్టు వెట్టిన, కొబ్బరికాయ కొట్టి నీళ్లు జర మీద చల్లిన. బాపు కెమెరాకు ఏటా గిట్లనే చేసినం. దానికి ఏనాడన్న ఏమన్న అయిందా?"

నిజమే, దానికేమీ కాలేదు. ప్రతి దసరా తర్వాత దాన్ని నేనే విప్పి కుంకుమ దులిపి నూనె వేసి ఇచ్చేవాడిని. ఇనుము, ఇత్తడి, గాజు. అది దేవుడికి కొట్టిన కొబ్బరికాయను తట్టుకోగల వస్తువు. మొదటి దసరా చూస్తున్న ఈ కొత్తదానికి ఆ పూజ చెయ్యకూడదని ఎవరూ అతనికి చెప్పలేదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అతను తన తండ్రి కెమెరాకే పూజ చేస్తున్నాననుకున్నాడు.

"ఎంకపల్లిల పెండ్లి ఒప్పుకున్న" అన్నాడు. "ఆ ఇంట్ల తాత పెండ్లికి మా బాపు తీసిండు, కొడుకు పెండ్లికి నేను తీసిన. ఇప్పుడు మనుమరాలిది. ఈ పెండ్లి గిన చేజారితే ఇగ నన్ను ఒక్కడు గుడ పిలువడు సేటు. క్రేన్ కెమెరాలోళ్లు అన్ని ఊళ్లు పట్టిండ్రు."

పై మూత తీశాను. గాజులు తుడిచాను, రోలర్ కడిగాను. అది గంటసేపట్లో అయిపోయింది. ఇక కింది సగం తెరిచాను. కొబ్బరినీళ్లు ఎండి మదర్‌బోర్డు మీద పచ్చటి చిలుము పట్టింది. మెత్తటి బ్రష్షుతో, స్పిరిట్‌తో వెంట్రుక మందం దారుల మీద చిలుము ఊడదీశాను. చేతిలో ఉన్న ఒకటీ అరా పని పక్కన పెట్టి దాని మీదే కూర్చున్నాను. మా ఇంట్లో అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయారు.

చివరికి స్విచ్ వేస్తే తెర వెలిగింది. మల్లేశం నన్నే ఫోటో తీశాడు. నా మొహం మీద నిలువుగా ఒక గులాబీ రంగు గీత పడింది గానీ ఫోటో వచ్చింది. అతను నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "గీత కంప్యూటర్ల తీసేపిస్త, ఏం ఫికర్ లేదు" అన్నాడు. నేను కూడా నవ్వాను. తర్వాత రెండురోజులు గీతలు పెరుగుతూ వచ్చాయి. ఆ తర్వాత తెర మొత్తం నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మోడల్ బోర్డు, సెన్సర్ ఇప్పుడు తయారు చేయడం లేదని, స్టాకు అయిపోయిందని చెప్పాడు. "న్యూ మోడల్ ట్రై చేయండి సర్" అన్నాడు. దాని ధర విని, అంత మా వల్ల కాదని ఫోన్ పెట్టేశాను.

పాడైన ఇంకో కెమెరా దొరికితే అందులోంచి బోర్డు తీసి వేయొచ్చు. మా పనిలో దాన్ని డోనర్ అంటాం. నా ఉస్తాద్ కొడుకు హైదరాబాదులో పాత సామాన్ల దుకాణం నడుపుతాడు. ఆయన్ని అడిగితే నవ్వాడు. "సేట్ సాబ్, అసలు గసొంటి కెమెరాలు మన షహర్ల ఎన్ని ఉన్నయనుకున్నరు? షౌక్ ఉన్న పెద్దోళ్ల తాన ఉంటయి. వాళ్లు కరాబైతే పారేస్తరు, అమ్మరు." ఎవరూ కొనని కెమెరాకు డోనర్ ఎక్కడ దొరుకుతుంది? ఆ కంపెనీ రేపు కొత్తది చేసినా చేస్తుంది, మానేసినా మానేస్తుంది. ఆ మాట అక్కడెక్కడో ఎవరో తేల్చాలి. నా బతుకుదెరువు కూడా వాళ్ల చేతిలోనే ఉందని ఆ దుకాణం మెట్లు దిగుతున్నప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది తండ్రి కెమెరా. ఇద్దరం అజీజ్‌నగర్ వెళ్లాం. శ్రీనాథ్ గారు మంచి మనిషి. మేము అడగడానికి నోళ్లు తెరవకముందే షోకేస్‌లోంచి తీసి మల్లేశం చేతిలో పెట్టాడు. "అయ్యో, ముందే చెప్పాల్సింది. మీ ఫాదర్ కెమెరా అండీ ఇది, మీ దగ్గరే ఉండాలి" అన్నాడు. రింగు తిప్పి చూశాను. బొమ్మలు రెండూ సూటిగా వచ్చి కలిశాయి. షట్టర్ నొక్కితే చిటికె వేసినట్టు పలికింది. ఆ శబ్దం విని మల్లేశం కళ్లు తుడుచుకున్నాడు.

తీరా చూస్తే ఫిల్ము లేదు, కడిగేవాళ్లూ లేరు. చేవెళ్ల ల్యాబు మూతపడి మొబైల్ దుకాణం అయింది. హైదరాబాదులో మేము ఎప్పుడూ ఇచ్చే ల్యాబువాడు మిషన్ తుక్కు కింద అమ్మేశాడు. రోల్స్ కడిగించాలంటే వేరే రాష్ట్రానికి కొరియర్ చెయ్యాలట, ఎప్పుడొస్తాయో చెప్పలేరట. రెంటికి చెడ్డ రేవడి అంటారే, అదీ మా పరిస్థితి. ఒక కెమెరాకు ప్రాణం ఉంది, తిండి లేదు. ఇంకోదానికి ఎక్కడ చూసినా తిండే, ప్రాణం లేదు.

మల్లేశం ఎంకపల్లి వెళ్లి పెళ్లికూతురి తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కోపం చెయ్యలేదు. కోపం చేసినా బాగుండేది.

"ఫోటోలు ఆలిస్యమైతే పిల్లగాని తరఫోళ్లు ఊకోరు మల్లేశన్నా. నిన్ననే క్రేన్ కెమెరా పిల్లగాండ్లు వచ్చి అడిగిండ్రు. వాళ్లకు చెప్త తియ్. నువ్వు మాత్రం రావాలె. కూసొని కడుపునిండ తిని పోవాలె, పనిమనిషి లెక్క ఉరుకుడు వద్దు."

పెళ్లికి ఇద్దరం వెళ్లాం. నేను వద్దంటే మల్లేశం వినలేదు, "పిలిచినంక పోకపోతే మర్యాద కాదు" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జీలకర్ర బెల్లం వేళకు అతని కాళ్లు వాటంతట అవే మండపం దగ్గరికి నడిచాయి. అతను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు, పెళ్లి చేయించే అయ్యగారికి కుడివైపు, అరుగు అంచున. కెమెరా పట్టిన పిల్లవాడు, "పెద్దనాయినా, జర పక్కకు జరుగు, ఫ్రేముల వస్తున్నవ్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మల్లేశం జరిగాడు. ఇంకా జరగమంటే ఇంకా జరిగాడు. అలా జరుగుతూ షామియానా దాటి బయటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఇద్దరం తినకుండానే వచ్చేశాం.

తర్వాత చాలా రోజులు అతను నా వైపు రాలేదు. నాకు పని లేదు, ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. ఆ చచ్చిపోయిన కెమెరాను మళ్లీ విప్పి, పై సగానికి ఇంత వరకు ఏ కెమెరాకూ చెయ్యనంత జాగ్రత్తగా క్యాలిబ్రేషన్ చేశాను. ఎందుకు చేశానంటే చెప్పలేను. తెలిసిన పని అదొక్కటే.

సంక్రాంతి ముందర మల్లేశం వచ్చాడు. స్టూడియో పెట్టుకున్న అద్దె గది ఖాళీ చేసి ఇచ్చేశాడట. శ్రీనాథ్ గారి ఫామ్‌హౌస్‌లో తోట చూసుకునే పనికి కుదిరాడట. కెమెరా అతని చేతికిచ్చాను. కంటికి ఆనించుకుని, రోడ్డుకు అవతల చాయ్ బండి దగ్గర నిలబడ్డ మనిషి మీద రింగు తిప్పాడు. ఇద్దరు మనుషులు ఒక్కరయ్యారని అతని వేళ్లు ఆగిన తీరు చూస్తేనే తెలిసింది. బటన్ నొక్కాడు. చప్పుడు లేదు.

"మంచిగ కనవడుతున్నది సేటు" అన్నాడు, కెమెరా దించకుండా. "ఎన్నడు లేనంత మంచిగ కనవడుతున్నది. నిలుస్తలేదు, గంతే."

ఈ పనిలో మాకు ఉస్తాద్ నేర్పిన మొదటి మాట, దుకాణానికి వచ్చిన గిరాకీ కంగారుపడితే "నేనున్న కదా" అనమని. ఆ తర్వాత అలాంటి కెమెరాలు ఇంకొన్ని నా బల్ల మీదికి వచ్చాయి, ఎక్కువగా ఫామ్‌హౌస్ వాళ్లవి. పై సగం నేను చూస్తానని, కింది సగం దాన్ని తయారుచేసినవాళ్లకే పట్టదని ముందే చెప్పేసి, తర్వాతే మూత విప్పుతున్నాను. ఆ పాత మాట మాత్రం మల్లేశం కేసు తర్వాత ఏ గిరాకీతోనూ అనలేకపోయాను.