రుమాల్లో ఆరు గోలీలు

హాలియా దగ్గరి ఒక ఊళ్లో స్వర్ణ ఆశా కార్యకర్త. మందు ఇప్పించి ఊరుకోదు. అది రోగి కడుపులోకి పోయిందని తెలిసేదాకా ఆమెకు మనసు నిలవదు.

మొన్న చలికాలం గొర్లకాపరి కురుమయ్యకు నిమోనియా వచ్చింది. ఆయన్ను దవాఖానకు తీసుకుపోయింది స్వర్ణే. డాక్టరు అమాక్సిసిలిన్ గోలీలు రోజుకు మూడు చొప్పున ఐదు రోజులకు ఇచ్చాడు. మూడు రోజులకే జ్వరం దిగింది. నాలుగో రోజు పొద్దున స్వర్ణ వెళ్లేసరికి కురుమయ్య ఇంట్లో లేడు, మందను తోలుకుని కాలువ వైపు వెళ్లాడన్నారు. ఆమె రెండు మైళ్లు నడిచి ఆయన్ను పట్టుకుంది.

"గోలీలు ఏవి కాకా?"

"మంచిగైనంక నాకెందుకు బిడ్డా? గొర్రె ఒకటి దగ్గుతాంది, దానికని దాచిన." కురుమయ్య రుమాలు ముడి విప్పాడు. ఆరు గోలీలూ అందులోనే ఉన్నాయి.

స్వర్ణ కోప్పడలేదు. గట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"జ్వరం పోయింది గని లోపలి క్రిములన్నీ చావలే కాకా. గిప్పుడు ఆపితే మిగిలినయి మళ్ల లేస్తయి. డాక్టరు చెప్పినన్ని మింగాలె. గొర్రె ఫికర్ నీకొద్దు, పశువుల డాక్టరుకు నేను ఫోన్ చేస్త."

అన్నట్టే అక్కడే ఫోన్ చేసింది. కురుమయ్య నవ్వి, నీళ్ల సీసా మూత తీసి ఒక గోలీ మింగాడు. మిగిలినవి అయిపోయేదాకా పూటపూటకూ ఆమె అడుగుతూనే ఉంది.

మళ్లీ పరీక్షకు వెళ్తే ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు డాక్టరు. కురుమయ్య దవాఖాన మెట్ల మీద నిలబడి, ఆ మాట ముందుగా స్వర్ణకే ఫోన్ చేసి చెప్పాడు.