జీలకర్ర పొట్లాల్లో పోయిన ఆఖరి పేజీలు

యోబు మాస్టారు ఎక్కిన పాసింజరు ఏలూరు స్టేషన్లో కదిలే వేళకి, తాడేపల్లిగూడెంలో కామరాజుకి ఒక సంగతి తెలిసింది. తను అమ్మబోయే పుస్తకానికి ఆఖరి కాగితం లేదు. పక్కదానికీ లేదు. ఆ పక్కదానికీ లేదు.

కామరాజుది మార్కెట్ వీధిలో కిరాణా కొట్టు. ఆ వీధిలో అతని మాటకి విలువుంది. "పప్పులో రాయి లేదండి" అన్నాడంటే లేనట్టే. ఎవరి పంటి కిందైనా పడితే, వాళ్ళు ఆ రాయిని ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుని ఉంటారని వీధంతా సాక్ష్యం చెబుతుంది. అటువంటి మనిషి, అటక మీద చెదలు పట్టాయని భార్య జానకి కేకేస్తే, చిన్ననాటి బొమ్మల కథల పుస్తకాల కట్ట దించాడు. పైఅట్టలు తుడిచి ఫొటో తీసి, వర్తకుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఇలా రాసేశాడు: "అన్నీ పూర్తి పుస్తకాలు. మాట గ్యారంటీ."

ఆ ఫొటో ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి, ఏలూరులో ఉంటున్న రిటైర్డు మాస్టారు యోబు గారికి చేరింది. ఆయన ధర దగ్గర బేరమే ఆడలేదు. "పూర్తివేనా అండీ? ఆఖరి పేజీలతో సహా?" అని మాత్రం పదేపదే అడిగారు.

"ఏవండీ మాస్టారూ, నేను మాటిచ్చాక ఇంక విప్పి చూసుకోనక్కర్లేదండి" అన్నాడు కామరాజు. విప్పి చూసుకోనిది తనేనని అప్పటికి తోచలేదు పాపం.

ఈ పొద్దున, ఇచ్చేసేముందు ఒకటి చదువుకుందామని పురికొస విప్పాడు. 'ఏడు కళ్ళ పీత' చేతికొచ్చింది. మధ్య పేజీలు గబగబా దాటేసి ఆఖరి ఘట్టం దగ్గర మొదలెట్టాడు. రాకుమారుడు పీత మీదెక్కి సముద్రం దాటుతున్నాడు, వెనక రాక్షసుడు తరుముకొస్తున్నాడు, కామరాజుకి కూడా ఊపిరాడటం లేదు. పేజీ తిప్పాడు. పళ్ళపొడి ప్రకటనతో వెనకట్ట. పిన్ను దగ్గర కాగితం చింపిన గుర్తు.

ఆఖరు ఏమవుతుందో తనకి బాగా తెలుసే! చదివాడు కూడానూ! వెంటనే అత్తిలిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఉషా, ఏడు కళ్ళ పీత గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంటన్నయ్యా! రాక్షసుడు దగ్గరికొచ్చేసరికి పీత ఇంగువ మూట విప్పుతుంది. ఆ ఘాటుకి వాడు తుమ్మితుమ్మి చచ్చిపోతాడు. తరవాత అందరూ ఒడ్డున కూచుని జంతికలు తింటారు."

"మరి రెండు తలల గుర్రం?"

"బెల్లం పెట్టగానే రెండు తలలూ పోట్లాట మానేస్తాయి."

"ఇవన్నీ నువ్వు పుస్తకంలో చదివావా?"

"నాకప్పుడు చదవడం ఎక్కడొచ్చు? నువ్వే కదా చదివి వినిపించేవాడివి."

ఫోన్ స్పీకర్లో ఉంది. కాఫీ గ్లాసుతో వచ్చిన జానకి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏ దేశపు రాక్షసుడండీ ఇంగువకి చచ్చేవాడు? మన కొట్టుకి అరువుకొచ్చేవాడా?"

కామరాజు ఫోన్ పెట్టేశాడు. ఇంగువ, బెల్లం. గణపవరంలో నాన్నగారి కొట్లో, గల్లాపెట్టె వెనక అలమరలో ఉండే సరుకులు. అదే వరసలో.

అప్పుడంతా గుర్తొచ్చింది. పొట్లాలు కట్టడానికి నాన్నగారు చిత్తు కాగితాలు మూటలుగా కొనేవారు. వాటిల్లో బొమ్మల పుస్తకాలు దొరికితే కామరాజు ఏరుకునేవాడు. ఏరుకోనిచ్చేవారు, కానీ ఊరికే కాదు. "కొట్లో సరుకు కన్నకొడుక్కైనా ఉచితంగా ఇస్తే లక్ష్మి అలుగుతుందిరా" అని ప్రతి పుస్తకానికీ ఆఖరి కాగితం కొట్టు వాటాగా చింపుకునేవారు. నున్నటి అట్ట పొట్లానికి పనికిరాదు గనక దాని జోలికి పోయేవారు కాదు. మొదటి కాగితం చింపితే పిల్లాడు ఏడుస్తాడని, ఆఖరిదైతే అక్కడిదాకా వెళ్ళేసరికి అలవాటు పడతాడని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. పిల్లాడు ఏడవలేదు. చెల్లెలు ఊరుకోదు గనక ఆఖర్లు కల్పించి, చదువుతున్నట్టు చెప్పి, చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

ఫోన్ మోగింది.

"భీమడోలు దాటామండీ!" యోబు మాస్టారి గొంతులో పెళ్ళివారి హడావిడి. "కిటికీ పక్క సీటు దొరికిందండి."

"మాస్టారూ, ఒక చిన్న మాటండి..."

"వచ్చాక మాట్లాడుకుందామండి, గాలికి ఏమీ వినబడ్డంలేదు!"

కామరాజు కూచున్నాడు, లేచాడు, వీధిలోకి వెళ్ళి స్టేషను వైపు చూసి మళ్ళీ వచ్చాడు. మినప్పప్పు అడిగినావిడకి పెసరపప్పు తూచాడు. ఆవిడ ముఖం చూసి మార్చబోయి ఈసారి శనగపప్పు తూచాడు.

"జానకీ, ఆయనొస్తే నేను ఊళ్ళో లేనని చెప్పవూ?"

"నేను చెప్పనండి. కావాలంటే మీరే లోపల్నుంచి 'నేను లేను' అని కేకెయ్యండి."

"మాటిచ్చానే, పూర్తివని."

"ఫొటో పెట్టేముందు చూసుకోండి అన్నానా లేదా?"

అంది. అందుకే అది మరీ మండింది. మళ్ళీ ఫోన్. పూళ్ళ దాటారట. ఇంకోసారి, బాదంపూడి. ఒక్కో స్టేషనూ దాటుతుంటే కామరాజుకి తన మాట విలువ ఒక్కో మెట్టూ దిగుతున్నట్టుంది. ఆఖరికి పుస్తకాలు మళ్ళీ కట్టేసి, ఎప్పుడూ వేసే ముడి మీద ఇంకో రెండు ముళ్ళు వేశాడు. ముళ్ళు విప్పలేక ఆయన అలాగే తీసుకుపోతారేమో అన్న ఆశ ఒకటి తలెత్తింది. దానికి తనే సిగ్గుపడి ముళ్ళు విప్పేశాడు.

ఆటో ఆగింది. ఇస్త్రీ చొక్కా, చంకలో ఖాళీ గుడ్డసంచీ, నుదుట చెమట. యోబు మాస్టారు బియ్యం బస్తా మీద కూచోకముందే కామరాజు కక్కేశాడు.

"మాస్టారూ, సరుకు లోటండి. దేనికీ ఆఖరి కాగితం లేదు. మా నాన్నగారు పొట్లాలు కట్టేశారు. తెలీక పూర్తివని చెప్పాను. ఇవి మీకు అమ్మలేనండి. రాకపోకల చార్జీలు నేనిచ్చుకుంటాను."

నూనెకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు సీసాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. నూనె కన్నా ఇది రుచిగా ఉంది మరి.

"మీ నాన్నగారి కొట్టు గణపవరంలోనా అండి?" అన్నారు మాస్టారు. "లావుగా, చెవులకి పోగులతో ఉండేవారా?"

"అవునండి. మీకెలా తెలుసు?"

"మాది కొల్లేట్లో ఒక లంకండి. మా అమ్మ మరియమ్మ చేపలగంప నెత్తిన పెట్టుకుని గణపవరం వెళ్ళేది. చేపలు అమ్మిన డబ్బుతో ఆ పోగులాయన దగ్గరే సరుకులు కొనేది. జీలకర్ర డబ్బాలో పోసుకుని కాగితం నాకిచ్చేది. నేను చదవడం నేర్చుకున్నది ఆ కాగితాల మీదేనండి. అన్నీ ఆఖరి పేజీలే. రాక్షసుడు చచ్చి పడుంటాడు, ఎందుకు చచ్చాడో తెలీదు. పెళ్ళవుతుంటుంది, ఎవరిదో తెలీదు. మొదలూ ఆఖరూ ఒకచోట చూద్దామని ఇన్నేళ్ళకి బయల్దేరానండి."

కామరాజు ముఖం మరీ చిన్నదైంది. "అయితే మరీ అమ్మకూడదండి. పూర్తి అన్నాను కదా."

"నాక్కావలసినవి మొదళ్ళేనండి బాబూ!"

"లోటు సరుకు ఇవ్వనండి."

"ఇవ్వండి."

"ఇవ్వనండి."

జానకికి విసుగొచ్చింది. "ఏవండీ, కొట్లో తూకం తగ్గితే ఏం చేస్తారు?"

"కొసరేస్తాం."

"మరి వేయండి. ఆ ఇంగువ ఆఖర్లున్నాయిగా."

కామరాజు చెవులు ఎర్రబడ్డాయి. చదువు చెప్పిన పెద్దమనిషి ముందు, నూనెసీసాల ముందు, తప్పనిసరై చెప్పాడు. పీత, ఇంగువ, తుమ్ములు, జంతికలు. మాస్టారు నవ్వినవ్వి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. నూనెసీసాల్లో ఒకావిడ "గుర్రందీ చెప్పండి" అంది.

"పీత ఆఖరి కాగితం నేను చూశానండి," అన్నారు మాస్టారు కాసేపటికి. "రాక్షసుడూ లేడు, జంతికలూ లేవు. ఒడ్డున పీత ఒక్కటే, ఒక పెద్దకాలు పైకెత్తి నిలబడి ఉంటుంది. ఎవరికో టాటా చెబుతున్నట్టు. ఎవరికా అని చిన్నప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను."

"ఎవరికండీ?" అన్నాడు కామరాజు. తన గొంతులో ఆత్రం తనకే వింతగా ఉంది.

"అది మీ పుస్తకంలో ఉండాలి కదండీ. రైల్లో చదువుతాను."

ఒప్పందం కుదిరింది. పుస్తకాలు మాస్టారివి. ఏ పుస్తకం చదవడం అయిపోతే దాని ఆఖరు కామరాజు ఫోన్లో చెప్పాలి. మాస్టారి దగ్గర అసలు ఆఖరుంటే ఆయన చెబుతారు. పూర్తి అన్న మాట అలా పూర్తవుతుంది.

సాయంత్రం రైలు వెళ్ళిపోయింది. బాదంపూడి దాటే సమయానికి కామరాజు ఫోన్ చేతిలో పట్టుకున్నాడు. మోగలేదు. పూళ్ళ వచ్చుంటుంది. మోగలేదు. పొద్దున వద్దనుకున్నప్పుడల్లా మోగిన ఫోను! గల్లాపెట్టె దగ్గర్నుంచి గుమ్మానికీ, గుమ్మం దగ్గర్నుంచి గల్లాపెట్టెకీ తిరుగుతుంటే, "కూచోండి, పీత ఎక్కడికీ పోదు" అంది జానకి.

భీమడోలు వచ్చుండాలి. అప్పుడు మోగింది.

"టాటా కాదండీ!" మాస్టారు అరుస్తున్నారు. "మధ్య పేజీల్లోనే, రాక్షసుడి నుంచి తప్పించడానికి పీత తన పెద్దకాళ్ళలో ఒకటి తెంపి రాకుమారుడికి కత్తిగా ఇచ్చేస్తుంది. అందుకే బొమ్మలో ఒక్క పెద్దకాలే ఉంది. టాటా చెప్పడం లేదండి, దానికి మిగిలింది అదే!"

కామరాజు ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఉషకి చెప్పాలనుకున్నాడు. జంతికలు గుర్తొచ్చి వద్దనుకున్నాడు.

"వింటున్నారా అండీ? 'గాజు కోట' మొదలెట్టాను. దాని ఆఖరు నా దగ్గర లేదు. ఇల్లు చేరేసరికి అయిపోతుంది, సిద్ధంగా పెట్టండి."

"అలాగేనండి" అన్నాడు కామరాజు. గాజు కోట ఆఖరు ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. కంగారుగా అలమర వైపు తిరిగి, ఇంగువ డబ్బా మీంచి, బెల్లం బుట్ట మీంచి చూపు జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

వాము. వాము ఇంకా వాడలేదు.