వాడని కొమ్మ

"ఆస్పత్రి ఎంత దూరమనా? ఒక్క కొమ్మ!" అన్నాడు ధనుర్జయ, పఖాళ చద్దన్నం గిన్నె పక్కకు జరిపి. "గుగ్గిలపు కొమ్మ విరిచి చేతబట్టుకుని నడువు. ఆకు వాడేసరికి నర్సమ్మ గుమ్మంలో ఉంటావు. మా ఊరేమన్నా అడవి మధ్యలో ఉందనుకున్నావా తల్లీ?"

ఏ ఊరికి వైద్యం ఎంత అందుబాటులో ఉందో కొలవడానికి వచ్చిన ఇతిశ్రీ నవ్వింది. దగ్గరని తేలిన ఊరికి కొత్తగా వైద్యం గది రాదు. ఆమె వేలు ఫోనులో 'దగ్గర' అన్న మాట మీదికి పోయింది.

తలుపు చాటున, కొంగు ముక్కుదాకా లాక్కుని నిలబడ్డ సేబతి ఆ వేలినే చూసింది. ధనుర్జయ ఆమె పెనిమిటికి అన్న. ఆయన ఎదుట తమ్ముడి భార్య నోరెత్తకూడదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఎత్తలేదు కూడా. ఇతిశ్రీని సైగచేసి పిలిచి, "ఒక్కసారి నడిచి చూడమ్మా" అంది గుసగుసగా.

"కొమ్మతోనే కొలుద్దాం పదండి మౌసా!" అంది ఇతిశ్రీ ఆయనతో, బాబాయి వరస కలిపి.

ముసురు. కొండ ఎక్కడ ఆగిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియదు. ముందు కొమ్మ పట్టుకుని ధనుర్జయ, వెనక ఆడవాళ్లిద్దరూ. సేబతికి తను నడుస్తున్నట్టే లేదు, దారే కాళ్లకింద మెల్లగా జారిపోతున్నట్టుంది. మంచులో ఎక్కడో తన కూతురు కూని కాలి పట్టీల చప్పుడు. పోయిన వానాకాలం, జ్వరంతో కాలిపోతున్న ఆ బిడ్డను మంచం మీద మోసుకెళ్లింది ఈ దారినే.

కొండ నెత్తిన కావలి పాక వచ్చింది. ధనుర్జయ చూరు కింద దూరాడు. "వాన తగ్గనీండి. ఆకు చూడు, ఎంత పచ్చగా ఉందో. ఇంకా బోలెడు పొద్దుంది."

ఆనాడూ ఆయనది అదే మాట. ఎండ లేనప్పుడు ఆకును చూసే పొద్దు తెలుసుకుంటారు. కొమ్మ నిగనిగలాడుతోందని మంచం దించారు. వాన నీళ్లు తాగే ఆకు ఎట్లా వాడుతుందని సేబతి లోలోపల అరిచింది. వెళ్లేసరికి ఆస్పత్రికి తాళం. తెల్లవారేసరికి కూని లేదు.

"ఆగొద్దు!"

ఎవరన్నారా అని సేబతే చుట్టూ చూసింది. ఆమె ఇతిశ్రీ వైపు తిరిగి, ఆయనకు వినబడేలా అంది: "ఆనాడు ఇక్కడే ఆగాం. నేను నోరు మెదపలేదు. ఇవాళ ఆగకుండా పోదామమ్మా."

ఆగలేదు. వాగు దాటి, జారుతూ లేస్తూ వెళ్లేసరికి నర్సు తలుపుకు తాళం వేస్తోంది.

"ఇప్పుడా రావడం? ఆఖరి బస్సు పోతే నన్ను నువ్వు మోసుకెళ్తావా తాతా?" అంటూ గొడుగు విప్పింది.

ధనుర్జయ తాళం వంక చూశాడు. కొమ్మ వంక చూశాడు. ఒక్క ఆకూ వాడలేదు. "తల్లీ, దగ్గరన్నానే... అది తీసెయ్" అన్నాడు.

ఇతిశ్రీ తీసేసి, 'దూరం' అని పెట్టింది.

తిరుగుదారిలో ఆయన వెనకబడ్డాడు. సేబతి ముందు నడిచింది. కొంగు భుజం మీదికి జారినా సర్దుకోలేదు. పాక దగ్గర పట్టీల చప్పుడు మళ్లీ వినబడింది. ఈసారి అది ఆగలేదు, మంచులోకి ఆమె కంటే ముందే సాగిపోయింది.