నాగమణక్క విప్పిన టరెట్

మొన్న ఆయుధపూజకు మా షెడ్డులో సాంబ్రాణి వేశారు. ఆ పొగా, మిషన్లకు పోసే కూలెంట్ వాసనా కలిసి ముక్కుకు తగలగానే, కడపలో నా మొదటి యజమానురాలు నాగమణక్క కళ్ళ ముందుకొచ్చింది. శెట్ల ఇంటి ఆడపడుచు. నాన్న నడిపిన ఇనుప సామాను అంగట్లో కూర్చోకుండా, ఊరి చివర షెడ్డు వేసి, లోహాన్ని తిప్పుతూ చెక్కే కంప్యూటర్ లేతు పెట్టింది. రెండువేల దశకం మొదట్లో ఆ మిషన్ మాకు కొత్త పెళ్ళికూతురే. దాని మీద బోరు మోటార్ల ఇరుసుకు తొడిగే బుష్షులు చేసేవాళ్ళం. అక్క గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

ఆ ఏడు శెనక్కాయ ఊరే వేళకు వాన ముఖం చాటేసింది. పంటలు బోర్ల మీద పడ్డాయి, బోర్లు మా బుష్షుల మీద. రైతులు మా అరుగు మీదే కాపు కాసేవారు. పూజ కోసం అక్క టరెట్‌కున్న పనిముట్లన్నీ విప్పి, కడిగి, బొట్లు పెట్టి, మళ్ళీ తానే బిగించింది. టరెట్ అంటే పనిముట్లను చుట్టూ పట్టుకుని, వంతు ప్రకారం తిరుగుతూ ఒక్కోదాన్నీ ముందుకు తెచ్చే తల. మర్నాడు పొద్దున నేను మిషన్ నడపగానే, పొట్టి పనిముట్టు రావలసిన చోట పొడుగుది వచ్చి, లోహపు ముక్కను పట్టుకుని గిర్రున తిరుగుతున్న చక్‌ను ఢీకొట్టింది. షెడ్డు రేకులు అదిరాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్క పరుగున వచ్చింది. బొట్లు పెట్టిన పనిముట్లను ఒకసారి చూసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"నేనేనప్పా! బొట్టు పెట్టే సంబరంలో వరస తప్పించినా. రమణది ఏ తప్పూ లేదు."

కంపెనీ మనిషి బెంగళూరు నుంచి రావాలంటే వారం పడుతుందన్నారు. అరుగు మీదున్న ముసలి రైతు ఓబులేసు లేచి నిలబడ్డాడు. "వారమంటే కాయ యాడుంటాదమ్మా? నువ్వు పెట్టిన బొట్టే మిగిలేది" అన్నాడు.

అక్క కొంగు బిగించింది. "ఏమప్పా రమణా, అట్ల బిత్తరపోయి చూస్తాండావు? దీని తల విప్పి చూడాలని కొన్నప్పటి నుంచి నాకు శానా ఆశగా ఉండాది. తే స్పానరు!"

ఆ మాటతో నా భయం ఎటు పోయిందో తెలియదు, ఉత్సాహం ముంచుకొచ్చింది.

దెబ్బకు టరెట్ పక్కకు జరిగింది. పనిముట్టు పట్టే రంధ్రం, చక్ నడిమధ్య ఒకే గీతలో ఉంటేనే బుష్షు సరిగ్గా వస్తుంది. బోల్టులు వదులు చేసి, వెంట్రుకంత తేడానైనా ముల్లుతో చూపే డయల్ గేజిని చక్‌కు తగిలించి, చేత్తో మెల్లగా తిప్పుతూ దాని మొనను ఆ రంధ్రం లోపలి గోడ చుట్టూ నడిపించాం. తేడా ఉన్న వైపు ముల్లు గంతేసేది. అక్క రాగి సుత్తితో చిన్న దెబ్బ వేసేది. "ఎక్కువ పోయినావు, ఎనక్కి రా తల్లీ" అని మిషన్‌ను బతిమాలేది, మరుక్షణం తిట్టేది. అన్నం మాట ఎవరికీ గుర్తులేదు. చివరికి ముల్లు కదలకుండా నిలబడితే షెడ్డంతా ఈలలు.

అసలు గండం బిగింపులో ఉంది. వెంట్రుకంత జరిగినా కథ మళ్ళీ మొదటికే. ముల్లును చూస్తూ ఒక్కో బోల్టూ బిగించుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర అక్క ఆగి, స్పానరు నా చేతిలో పెట్టింది. నా చేతులు వణికాయి.

"అక్కా, నువ్వే బిగించు."

"రేపు నేను లేనప్పుడు ఎవురు బిగిస్తారప్పా? కానీ!"

బిగించాను. ముల్లు కదల్లేదు. మొదటి బుష్షును అక్క కొలిచి, ఇంకా తడి కారుతుండగానే ఓబులేసు తువ్వాలులో పెట్టింది. "ఆలస్యం నాది, పెద్దాయనా. బస్సు పోతాది, ఉరుకు!" ఆయన దాన్ని గుండెకు అదుముకుని ఉరికాడు. ఆనందంతో నాకు కళ్ళు తడిశాయి.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డు ఉంది. మిషన్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటాయి. టరెట్‌ను గీతలోకి నేనే తెస్తాను గానీ, చివరి బోల్టు మాత్రం బిగించను. ఎవరి చేతులు ఎక్కువగా వణుకుతున్నాయో చూసి, స్పానరు వాళ్ళకే ఇస్తాను.