రమణమ్మ మేడమ్ ఎక్కనివ్వని బోర్డు

పక్క గదిలో షాక్‌వేవ్ యంత్రం మొదలైంది. వడ్రంగిపిట్ట మానును పొడుస్తున్నట్టు టకటకమని ఒకటే చప్పుడు. దానితోపాటు జెల్ వాసన కూడా తగిలిందంటే చాలు, రమణమ్మ మేడమ్ నా వెనకే నిలబడి ఉన్నారనిపిస్తుంది. తిరిగి చూస్తే ఉండరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గాజువాకలో ఒక చిన్న ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆ విభాగానికి ఆవిడే పెద్ద. ఎలమంచిలి దగ్గరి పల్లె మనిషి. ఎంత చదువుకున్నా ఊరి మాట వదల్లేదు. మడమ నొప్పుల కోసం కొన్న ఆ యంత్రాన్ని నాకు నేర్పింది ఆవిడే.

అప్పలరాజు అనే కార్మికుడికి ఇనుప రేకు కోసుకుని పిక్కలో రక్తనాళం తెగింది. సర్జన్ గారు కుట్టి కాలు నిలబెట్టారు గానీ, నెలలు గడిచినా పిక్క నుంచి పాదం దాకా వాపూ మంటా పోలేదు. తక్కువ బలంతో ఇచ్చే షాక్ తరంగాలు దెబ్బతిన్న నాళాల వాపు తగ్గించవచ్చని జంతువుల మీద పరీక్షించి చూస్తున్నారనీ, జాగ్రత్తగా ప్రయత్నిద్దామనీ ఆయన అన్నారు. మేడమ్ ముందు తన పిక్క మీదే పెట్టి చూసుకున్నారు. తర్వాత అప్పలరాజు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఇది కొత్తది బాబూ. తగ్గుద్దో లేదో నాకు తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. వద్దంటే మానేద్దాం."

"సెప్పులో కాలెట్టలేకపోతన్నానమ్మా. సేసీయండి."

వారానికొకసారి చేశాం. ప్రతిసారీ ఆవిడ టేపుతో పిక్క కొలిచేవారు. మూడో నెలలో అప్పలరాజు చెప్పులు వేసుకుని, జంక్షన్ నుంచి నడిచి వచ్చాడు.

"మన యంత్రమే మేడమ్!" అన్నాను, పట్టలేని సంతోషంతో.

"ఏటే, అంత తొందర? మందులేసుకున్నాడు, కాలికి రెస్టిచ్చాడు, రోజులూ గడిచాయి. ఏది తగ్గించిందో నీకెలా తెలిసింది?" కేస్ షీట్‌లో నాచేతే రాయించారు: వాపు తగ్గింది, కారణం తెలియదు.

కబురు ఆసుపత్రి యజమానికి చేరింది. రక్తనాళాల వాపుకు గ్యారంటీ చికిత్స అంటూ అప్పలరాజు ఫొటోతో బోర్డు రాయించి, మా ఇద్దరినీ పిలిచి చూపించారు.

"ఒక్క కాలు తగ్గితే గ్యారంటీ అయిపోద్దా అండీ?" అన్నారు మేడమ్. "రేపు కాలు నల్లబడతన్నోడు సర్జన్ దగ్గరికెళ్లకుండా ఈ బోర్డు సూసి ఇక్కడికొత్తే ఏటి సేత్తారు?"

ఆయన నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా, పని చేసిందా లేదా?"

షీట్‌లో రాసింది నేనే. అయినా తల దించుకున్నాను. కొత్త ఉద్యోగం.

"బోర్డు ఎక్కితే నాను ఉండను," అన్నారు మేడమ్. సర్జన్ గారు కూడా ఒప్పుకోకపోవడంతో బోర్డు ఎక్కలేదు. కానీ నెల తిరక్కుండా మేడమ్‌ను ఉద్యోగం మానిపించారు.

ఆఖరి రోజు బస్టాపు దాకా వెంట వెళ్లాను. "ఆ రోజు నేను నోరు విప్పలేదు మేడమ్."

"భయమేసిందేటి?"

"వేసింది."

"నాకూ ఏసిందే పిల్లా," అని నవ్వి, బస్సెక్కేశారు.

మళ్లీ ఆవిడను చూడలేదు. పోయారని కూడా ఏడాది తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఇప్పుడు ఆవిడ కూర్చున్నట్టే నేనూ రోగి పక్కన స్టూలు వేసుకుంటాను. తెలియనిది తెలియదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ భయమేస్తుంది. అయినా చెబుతాను. అలా చెప్పిన రోజు సాయంత్రం మాత్రం, "చెప్పాను మేడమ్" అని ఆవిడతో అనాలని ప్రాణం కొట్టుకుంటుంది.