అడిగినా ఇవ్వొద్దన్న ఫోను

ఆయన పేరు నాకు తెలీదు. తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి కూర్చోగానే, ఎదుటి సీట్లోంచి వంగి తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఏవండీ, షేర్ మార్కెట్ మూసేదాకా మీ దగ్గరుంచండి. నేనడిగినా ఇవ్వకండి. ఆప్షన్స్‌లో ఉన్నానండి. ఇంతకంటే నష్టమొస్తే అమ్మేసేలా స్టాప్‌లాస్ పెట్టాను. రేటు దాని దగ్గరికొచ్చేసరికి, మళ్లీ పెరుగుతుందేమోనని ప్రతిసారీ నేనే తీసేస్తాను. ఈసారి పెట్టింది చెరువు లీజు డబ్బండి."

కొల్లేటికోట మనిషట. గాలి చాలక తెల్లారగట్ల నీటిపైకి తేలిన చేపలా నోటితో ఊపిరి తీస్తున్నాడు.

భీమడోలు దాటాక ఫోను నా చేతిలో అదిరింది. ఆయన చెయ్యి చాపాడు.

"ఒక్కసారి చూసిచ్చేస్తానండి."

"మీరే ఇవ్వొద్దన్నారు కదండీ."

"అప్పుడన్నానండీ! ఇప్పుడిచ్చేయండి బాబూ!"

నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు మంచులా ఉన్నాయి. నేను ఫోను తొడకింద పెట్టుకుని, కిటికీలోంచి చెరువులకేసి చూస్తూ కూర్చున్నాను. ఫోను ఇంకా అదురుతూనే ఉంది.

దెందులూరు దాటాక, మూడున్నరకి మార్కెట్ మూసేశాక తీసిచ్చాను. మార్కెట్ ఎన్నింటికి మూస్తారో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. నేనూ ఆప్షన్స్‌లోనే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఫోను చూడకుండానే జేబులో పెట్టుకుని, ఏలూరులో దణ్ణం పెట్టి దిగిపోయాడు.

మర్నాడు నాకు ఏ ఊరూ వెళ్లే పని లేదు. అయినా అదే బండెక్కాను. నా ఫోను చేతిలో పట్టుకుని, ఎదుటి సీట్లోకి ఎవరొస్తారా అని చూస్తూ కూర్చున్నాను.