అక్క పెళ్లికి అత్త కట్టిన తంగేడు మంటపం

మా చిన్నప్పుడు... నాచారంలో మా అక్క పెళ్లికి మంటపం కట్టింది మా మేనత్త. నారపల్లిలో ఆమెకు బంతితోట ఉండేది. డెకరేషన్ వాళ్లు వద్దంది. "నా మేనకోడలి మంటపం ఎవ్వలింట్ల సూడనట్టు కడత అన్నా" అని నాన్నకు తనే మాటిచ్చింది.

కార్తీకమాసం. నాకు పదేళ్లు. మా ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఏ పువ్వు ఎక్కడో నాతోనే రాయించింది అత్త. రెండు రోజులు ఫంక్షన్ హాల్లోనే కూర్చుని కట్టింది. వెదురు గుంజలకు అల్లిన కొబ్బరాకులు, వాటి మీద బతుకమ్మకు పేర్చే తెల్లటి గునుగు వరసలు, మధ్యమధ్య తంగేడు గుత్తులు, పైన ముద్దబంతి... హాల్లో అడుగుపెడితే తోటలోకి వచ్చినట్టుండేది.

పెళ్లిరోజు పొద్దున్నే ఉప్పల్ నుంచి మగపెళ్లివాళ్లు దిగారు. పెళ్లికొడుకు పెదనాన్న మంటపం చూసి ఆగిపోయాడు.

"ఇదేంది బావా? పెండ్లా, బతుకమ్మనా? మా సుట్టాల ముంగట ఇజ్జత్ పోతది" అన్నాడు నాన్నతో.

నాన్న వెంటనే డెకరేషన్ వాళ్ల కోసం మనిషిని పంపాడు. గంటలో ప్లాస్టిక్ గులాబీలు, శాటిన్ గుడ్డలు వచ్చాయి. గునుగు వరసల తాళ్లు నాన్నే కోశాడు... సొంత అన్న.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా... బాగలేదా?"

చుట్టూ పెళ్లికొచ్చిన మా క్లాసు పిల్లలు నవ్వుతున్నారు.

"గులాబీలే బాగున్నయ్ అత్తా" అన్నాను.

తాళి కట్టగానే అత్త, అక్క నెత్తిన అక్షింతలేసి, అన్నం తినకుండానే నారపల్లి బస్సెక్కింది.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది నా పెళ్లి. పత్రిక పట్టుకుని నేనే నారపల్లి వెళ్లాను. తోట అప్పటికే ప్లాట్లయింది. "నా మంటపం నువ్వే కట్టాలె అత్తా" అని చేతులు పట్టుకున్నాను.

"నీ మీద కోపం లేదు బిడ్డా... గప్పుడు నువ్వు సిన్నపిల్లవు. పెండ్లికొస్త, అక్షింతలేస్త. పూలు మాత్రం ముట్ట."

అన్నట్టే వచ్చింది. అందరిలాగే కుర్చీలో కూర్చుని, భోంచేసి వెళ్లిపోయింది. ఆ రోజూ క్షమించమని అడగలేకపోయాను... తర్వాత అడుగుదామంటే ఆమె లేదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో అందరికీ అసలు పూలే కావాలి... ఫోటోలు దిగి మురిసిపోతున్నారు. అంత పనిమంతురాలు మా ఇంట్లోనే ఉండేది. ఆమె చేతులు మేమే కట్టేశాం.

మీ ఇళ్లలోనూ ఇలా నలుగురి ముందు మీరు చిన్నబుచ్చినవాళ్లు ఉంటే... వాళ్ల గురించి ఇక్కడ రాయండి. బతికుంటే మాత్రం, రాసేముందు ఒక్కసారి వెళ్లి కలవండి.